గట్టిమేళం ఎవరి పని?

మా వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ని నేను. అందుచేత ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం ఏది చేతికొచ్చినా పైన ఉన్న సంఖ్య దగ్గర నుంచి కింద ఉన్న సంతకం దాకా చదువుతాను. చదివింది చదివినట్టు పాటిస్తాను కూడా. మా సామర్లకోటలో మిగతావాళ్లు అలాంటి కాగితాలను పకోడీల కొట్టుకు ఇస్తారు. మా నాన్న ఊరూరా సన్నాయి ఊది నన్ను చదివించాడు కాబట్టి నాకు అలా ఇవ్వడానికి చెయ్యి రాదు.

నా ఉద్యోగం వివాహ విధుల విభజన మండలిలో జూనియర్ అసిస్టెంటు. ఈ మండలి పుట్టడానికి కారణం పెరుగు.

మా డైరెక్టరు త్రిపురాంతకం గారు ఒకసారి బావమరిది కొడుకు పెళ్లికి వెళ్లారు. పప్పు, పులిహోర, పనసపొట్టు కూర, సాంబారు వరసగా నడిచాయి. పెరుగు కోసం విస్తట్లో కాస్త అన్నం మిగుల్చుకుని కూర్చున్నారు. పెరుగు రాలేదు. సాంబారు బకెట్టువాణ్ని అడిగితే "నాది సాంబారండి" అన్నాడు. నీళ్లవాడు వడ్డనవాళ్లను అడగమన్నాడు. వడ్డనవాళ్లు వంటమేస్త్రిని అడగమన్నారు. వంటమేస్త్రి ఈవెంటు మేనేజరును చూపించాడు. ఈవెంటు మేనేజరు ఆ సమయంలో వేదిక మీద పొగ వదిలే యంత్రంతో కుస్తీ పడుతున్నాడు. ఈలోగా పక్కాయన లేచాడు. ఎదుటి బంతి లేచింది. త్రిపురాంతకం గారు ఆఖరి ముద్ద ఉత్త అన్నమే మింగి లేచారు. గోదావరి జిల్లా మనిషి పెళ్లిభోజనంలో పెరుగన్నం లేకుండా లేచాడంటే ఎవరో ఒకరికి మూడిందన్నమాటే.

మర్నాడు ఆయన పదకొండు పేజీల నోటు రాసి పైకి పంపారు. "వివాహములందు ఎవరి విధి ఏదియో నిర్ధారణ గాకపోవుట వలన పెరుగు మొదలగు అత్యవసర సేవలు స్తంభించుచున్నవి" అని అందులో మొదటి వాక్యం. పైనున్నవాళ్లు ఆ మొదటి వాక్యమే చదివారో, వాళ్లకూ ఎక్కడో పెరుగు అందలేదో తెలియదు. మండలి మంజూరైంది.

నన్ను తీసుకున్నది సర్వేకు. పెళ్లిలో పనిచేసే ప్రతి మనిషినీ కలిసి, "తమరి పని ఏమిటి?" అని అడిగి రిజిస్టరులో రాయాలి. మూడు నెలలు తిరిగాను. ప్రతివాడూ ఒక పని చెబుతాడు, నాలుగు పనులు చేస్తాడు. ఫొటోగ్రాఫరు ఫొటోలు తీస్తానన్నాడు గానీ, చూడబోతే పెళ్లి నడిపేదే అతను. అతను "ఇంకోసారి" అంటే పెళ్లికొడుకు అప్పుడే వేసిన దండ తీసి మళ్లీ వేస్తాడు. పురోహితుడు మంత్రాలు చదువుతానన్నాడు గానీ, మధ్యలో ఏ మేనత్త ఎక్కడ నిలబడాలో కూడా తేలుస్తాడు. వంటమేస్త్రి వంట అన్నాడు. ప్రతి పెళ్లిలోనూ పెళ్లికూతురి తండ్రి ఓ అరగంట వచ్చి గాడిపొయ్యి పక్కన స్టూలేసుకుని కూర్చుంటాడు. మేస్త్రి గ్లాసుడు టీ ఇచ్చి "అయిపోద్ది లెండి" అంటాడు. ఇవన్నీ "పరిధి దాటిన పనులు" అనే గడిలో రాశాను. డైరెక్టరు గారు ఎర్ర సిరాతో గీతలు గీసుకున్నారు.

మా నాన్న గంగరాజును కూడా పద్ధతి ప్రకారం ఇంట్లోనే కూర్చోబెట్టి అడిగాను.

"సన్నాయి వాయిత్తాను" అన్నాడు.

"ఇంకా?"

"ఇంకేటి? సన్నాయే."

మొత్తం రిజిస్టరులో పరిధి దాటని పేరు మా నాన్నది ఒక్కటే. నాకు చాలా గర్వంగా అనిపించింది.

మంగతాయారును చూసింది ఆ సర్వేలోనే. ఆమె పిఠాపురం బస్సులో కండక్టరు. నా ఒళ్లో ఉన్న రిజిస్టరు చూసి ఏమిటని అడిగింది. ఒక మనిషికి ఒకే పని, ఒక పనికి ఒకే మనిషి, అదే మా లక్ష్యం అని చెప్పాను. ఆమె టిక్కెట్టు చింపి ఇచ్చి, "మా చుట్టాల పెళ్లిళ్లలో పెరుగు నేనే వడ్డిత్తానండి. నన్నెవరూ వడ్డించమన్లేదు, వద్దనీ అన్లేదు. నన్ను ఏ గళ్లో రాత్తారు?" అంది.

అలాంటి గడి లేదన్నాను.

"మరి నేను రైట్ అంటేగాని మా డ్రైవరు గారు బండి కదపరు. నేను వెనకాల టిక్కెట్లలో ఉండిపోతే ముందు సీట్లో ముసలావిడెవరో రైట్ అనేత్తాది. బండి ఎల్లిపోద్ది. ఆవిడ పనేటండి అది?"

నేను రిజిస్టరు మూసి బస్సు దిగాను. ఆ నెలలో సర్వే అవసరం లేకపోయినా పిఠాపురం మరో ఆరుసార్లు వెళ్లాను. తర్వాత మా నాన్న వెళ్లి వాళ్ల నాన్నను కలిశాడు. సంబంధం ఖాయమైంది.

ఈలోగా మండలి నియమావళి అచ్చయి వచ్చింది. పెళ్లిలో మొత్తం డెబ్బై నాలుగు విధులు. ప్రతి విధికీ ఒక మనిషి, మెడలో ఒక కార్డు. కార్డులో లేని పని చేస్తే ఆ పెళ్లి మండలి రిజిస్టరుకెక్కదు.

చదువుతుంటే మొదట్లో బాగానే ఉంది. వంటమేస్త్రి రుచి చూడకూడదన్నారు. రుచి వేరే విధి, దానికి రుచి పరిశీలకుడున్నాడు. పరిశీలకుడు ఉప్పు తక్కువైందని రాసిస్తే మేస్త్రి వేస్తాడు. పువ్వులవాడు దండ కట్టాలి గానీ అందించకూడదు. అక్షింతలు వేసేవాళ్లకు పన్నెండు అడుగుల దూరం నుంచి తలమీద పడేట్టు వేయడంలో రెండు రోజుల శిక్షణ. అప్పగింతలప్పుడు ఏడవడానికి పెళ్లికూతురి తల్లికి కార్డు ఇచ్చారు. మేనత్తలు, పిన్నులు ముందుగా దరఖాస్తు పెట్టుకుంటే కళ్లు తుడుచుకోవచ్చు, శబ్దం రాకూడదు.

చిక్కంతా యాభై ఎనిమిదో విధి దగ్గర వచ్చింది. "అలుగువారు: వరుని పక్షమున ఒకరు మాత్రమే."

మా మేనమామ కొండలరావుకు అలగడంలో నాలుగు మండలాల్లో పేరుంది. కాఫీ చల్లారిందనో, కుర్చీ కుంటుతోందనో లేచి వెళ్లి పెళ్లివారి లారీ ఎక్కి కూర్చుంటాడు. పదిమంది వెళ్లి బతిమాలుతారు. అప్పుడు గాని పెళ్లికి కళ రాదని మా అమ్మ అంటుంది. అలాంటిది నా పెళ్లికి మా చెల్లెలి మొగుడు ముందుగా దరఖాస్తు పెట్టుకుని ఆ కార్డు కొట్టేశాడు. మామయ్యకు "సాధారణ అతిథి" కార్డు వచ్చింది. వచ్చుట, కూర్చొనుట, దీవించుట, భుజించుట, వెడలుట. ఐదే పనులు.

"నన్ను అలగొద్దంటాడేరా మీ ఆఫీసరు?" అన్నాడు మామయ్య. ఆ మాట అన్న తీరులోనే అలక ఉంది. కార్డు లేకుండా అలగడం నేరమని నేను నెమ్మదిగా చెప్పాను. ఆయన పెదాలు రెండు పక్కలకీ సాగదీసి నవ్వు పెట్టుకున్నాడు. పెళ్లయ్యేదాకా ఆ నవ్వు తీయలేదు. చూసినవాళ్లు ఒంట్లో బాగాలేదేమోనని అడిగేవారు.

ఇక నమూనా వివాహం సంగతి. నియమాల ప్రకారం మొదటి పెళ్లి ఒకటి చేసి జిల్లాకు చూపించాలని డైరెక్టరు గారి సంకల్పం. ఒకరోజు నన్ను పిలిపించారు. ఆయన టీ అడిగినా ఉత్తర్వులాగే అడుగుతారు.

"నూకరాజూ, ఇందుమూలముగా నీకు తెలియజేయునది ఏమనగా, సిబ్బందిలో అవివాహితుడవు నీవొక్కడవే. కావున నమూనా వివాహము నీదే కావలెను. తగు చర్య నిమిత్తము."

ఆయ్, అలాగేనండి అన్నాను. తాయారుకు చెబితే, "మరి మావయ్యగారు వాయిత్తారా?" అని ఒక్కటే అడిగింది.

వాయించకూడదు. మా నాన్న కార్డు "వరుని తండ్రి". ఒక మనిషికి రెండు కార్డులుండవు. ఎందరి పెళ్లిళ్లకో వాయించినవాడు కొడుకు పెళ్లికి చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఈ మాట నాన్నకు నేనే చెప్పాను. ఆయన "నీ ఉద్యోగానికి ఇబ్బందెందుకులేరా" అని సన్నాయిని గుడ్డసంచిలో పెట్టాడు. పెళ్లికి మాత్రం ఆ సంచి చంకలో పెట్టుకునే వచ్చాడు. అడిగితే అలవాటన్నాడు.

ముహూర్తం పగలు పది గంటల నలభై రెండు నిమిషాలకు. ఆ శుభసమయం తొమ్మిది నిమిషాలే ఉంటుందన్నారు. మర్నాటి నుంచి మూఢం, మళ్లీ ముహూర్తాలు నాలుగు నెలల తర్వాత. తాయారు నాయనమ్మ ముందే చెప్పేసింది, పీటల మీద ముహూర్తం తప్పితే ఆ సంబంధం మళ్లీ ఎత్తుకునేది లేదని. వాళ్లింట్లో ఆవిడ మాటకు తిరుగులేదు. తాయారు వాళ్ల నాన్న అప్పటికే గాడిపొయ్యి పక్క స్టూలు కోసం వెతుక్కుంటూ వెళ్లాడు. అక్కడ కూర్చోవడానికి ఎవరికీ కార్డు లేదని వెనక్కి పంపించారు. టీ కూడా ఇవ్వలేదు.

కల్యాణ మండపంలో ఎటు చూసినా కార్డులే. తెర పట్టేవాళ్లకు ఇద్దరికీ చెరొకటి, ఎడమ కొస, కుడి కొస అని. నా మెడలో "వరుడు". తెర అవతల తాయారు మెడలో "వధువు". ఆమె విధి నియమావళిలో ఒకే ముక్క: "తల వంచుకొని ఉండుట." డైరెక్టరు గారు ముందు వరసలో సోఫాలో ఫైలు తెరిచి పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పక్కనే మామయ్య, నవ్వుతో.

పది నలభై రెండైంది. నా అరచేతిలో తమలపాకు, దాని మీద జీలకర్ర బెల్లం ముద్ద. తెర పైనుంచి చెయ్యి చాచి ఆమె తలమీద పెట్టాలి, అదే క్షణాన ఆమె నా తలమీద పెట్టాలి. అదే పెళ్లి. పురోహితుడు కామేశ్వరశాస్త్రి గారు "సుముహూర్తే సావధానః" అని గొంతెత్తి, అలవాటుగా కుడిచేతి చూపుడు వేలు పైకి లేపారు.

అంతలో ఆయన కళ్లు మెడలో కార్డు మీద పడ్డాయి. "మంత్రోచ్చారణ మాత్రము." అంతకుముందే నెయ్యి తెమ్మని కేకేసినందుకు ఆయనకొక మెమో వచ్చి ఉంది. లేచిన వేలు అక్కడే ఒక్క క్షణం ఆగింది. ఆయన దాంతో చెవి గోక్కుని కిందికి దించేశారు.

మేళం వాళ్లు పురోహితుణ్ని చూస్తున్నారు. పురోహితుడు డైరెక్టరును చూస్తున్నాడు. నేను చెయ్యి చాచి ఉన్నాను.

గట్టిమేళం అని ఎవరూ అనలేదు.

మన పెళ్లిళ్లలో ముహూర్తం క్షణాన ఎవరో ఒకరు వేలెత్తి "గట్టిమేళం" అంటారు. మేళం ఒక్కసారిగా హోరెత్తుతుంది. ఆ హోరులో ఎవరైనా తుమ్మినా దగ్గినా పిల్లాడు ఏడ్చినా ఆ చెడుశబ్దం పెళ్లికి తగలదు. ఆ మాట అనకుండా మేళం గట్టిగా మోగదు, మేళం మోగకుండా జీలకర్ర బెల్లం పెట్టరు. ఇది పుట్టినప్పటి నుంచీ తెలుసు నాకు. మా నాన్న పక్కన కూర్చుని ఎన్నిసార్లో విన్నాను. కానీ మూడు నెలల సర్వేలో అది తన పని అని ఎవరూ చెప్పలేదు. ఒక పెళ్లిలో శాస్త్రి గారు అంటారు, ఇంకో దాంట్లో పెదనాన్న అంటాడు, మరో దాంట్లో వెనక స్తంభం దగ్గర నిలబడ్డ ముసలాయన అంటాడు. చెప్పలేదు కనుక రాయలేదు. రాయలేదు కనుక డెబ్బై నాలుగు విధుల్లో అది లేదు.

డైరెక్టరు గారు ఫైలు మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి తిప్పారు. సోఫాలో నుంచే మండలి ఉపాధ్యక్షుడికి ఫోను చేశారు.

"గట్టిమేళమను ప్రకటన చేయు విధి ఖాళీగా నున్నది. కాదు, ఖాళీగా లేదు. విధియే లేదు. లేని విధికి ఇన్‌ఛార్జి నియామకము చేయవచ్చునా? లిఖితపూర్వకముగా పంపవలెనా? ఇక్కడ వరుని చేతిలో బెల్లము కరుగుచున్నది."

నిజంగానే కరుగుతోంది. మణికట్టు దాటి మోచేతి వైపు బయల్దేరింది. పది నలభై ఆరు. తాయారు నాయనమ్మ గోడ గడియారాన్నీ నన్నూ మార్చి మార్చి చూస్తోంది. నేను గట్టిమేళం అందామని నోరు తెరిచాను. నా కార్డు నేనే టైపు చేసింది. "నిర్ణీత సమయమున చేయి చాచుట" అని ఉంది. నోరు సంగతి లేదు. మూసేశాను.

ఈ సమయంలో మామయ్యకు తుమ్ము మొదలైంది. సాంబ్రాణి పొగ సూటిగా ఆయన ముఖం మీదికే వస్తోంది. ముందు ఆ నవ్వు కొంచెం వంకరపోయింది. తర్వాత ముక్కు ఎగబీల్చాడు. కళ్లు మూశాడు. ఆయన తుమ్మితే వీధి చివర దాకా వినిపిస్తుందని మా బంధువులందరికీ తెలుసు. ముహూర్తం మధ్యలో, అంత నిశ్శబ్దంలో ఆ తుమ్ము పడితే నాయనమ్మ అప్పుడే లేచిపోతుందనీ తెలుసు. ఇటు యాభైమంది, అటు యాభైమంది ఆయన ముక్కు వైపే చూస్తున్నారు. మా అమ్మ నోట్లో చీరకొంగు కుక్కుకుంది. పక్కనున్న పెద్దాయన మామయ్య ముక్కు పట్టుకోబోయి, తన కార్డు చూసుకుని ఆగిపోయాడు.

"ఉపాధ్యక్షులవారు న్యాయ సలహాకు పంపినారు" అన్నారు డైరెక్టరు గారు.

పది నలభై తొమ్మిది. మామయ్య నోరు తెరుచుకుంది. ఛాతీ నిండింది.

అప్పుడు తెర వెనక నుంచి ఒక వేలు పైకి లేచింది. గోరింట పెట్టిన వేలు. దాని వెనకే, కిక్కిరిసిన బస్సులో ఆఖరి సీటు నుంచి డ్రైవరు దాకా వినిపించే గొంతు వచ్చింది.

"గట్టిమేళం! రైట్, రైట్!"

కార్డులు కట్టుకున్న మేళం వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్లకు వధువు చెబితే వాయించాలని ఎక్కడా లేదు. కానీ మామయ్య తుమ్ము ఆగేది కాదు. నా ఎడమ పక్కన నాన్న చంకలో నుంచి గుడ్డసంచి జారి కిందపడ్డం చూశాను. మరుక్షణం మా నాన్న సన్నాయి అందుకుంది. అంత గట్టిగా ఆయన వాయించగా నేనెప్పుడూ వినలేదు. సన్నాయి లేచాక డోలు ఊరుకోలేదు, డోలు తర్వాత తాళం ఊరుకోలేదు. ఆ హోరు కింద మామయ్య తుమ్మాడు. తుమ్మినట్టు ఆయన తల ఊగడాన్ని బట్టే తెలిసింది. శబ్దం ఎవరికీ అందలేదు. నేను చెయ్యి చాచి బెల్లం పెట్టాను. తెర అవతల నుంచి చల్లటి ముద్ద నా మాడు మీద పడింది. పది యాభై.

తెర దించారు. తాయారు తల వంచుకునే ఉంది. నియమం ప్రకారమే.

ఆ తర్వాత మామయ్య మేళం మరీ గట్టిగా ఉందని అలిగి వెళ్లి లారీ ఎక్కాడు. కార్డున్న మా చెల్లెలి మొగుడు కూడా అలిగి అదే లారీ ఎక్కాడు. ఇద్దరినీ ఒకేసారి బతిమాలారు.

సాయంత్రం నాన్నను అడిగాను. సర్వేలో గట్టిమేళం సంగతి ఎందుకు చెప్పలేదని.

ఆయన సన్నాయి తుడుచుకుంటూ, "నువ్వు పని అడిగావు కదరా. అది పనేటి? అది పెళ్లి" అన్నాడు.

మూడో రోజు నేను ఆఫీసుకు వెళ్లి నా పెళ్లి మీద నేనే నివేదిక రాశాను. మొత్తం పంతొమ్మిది ఉల్లంఘనలు. వధువు పరిధి దాటి ప్రకటన చేయుట, వరుని తండ్రి వాద్యము వాయించుట, సాధారణ అతిథి అలుగుట వగైరా. ఏదీ దాచలేదు. "వివాహము జరిగినదా?" అన్న గడి దగ్గర చాలాసేపు ఆలోచించి "జరిగినట్లు తోచుచున్నది" అని రాశాను.

మండలికి అలా తోచలేదు. అధికారం లేని మనిషి గట్టిమేళం అన్నందున వివాహం పెండింగులో ఉంచడమైనదని ఉత్తర్వు వచ్చింది. ఏ అధికారంతో అన్నారో వివరించాలని తాయారుకు వేరే మెమో వచ్చింది. ఆమె రెండు ట్రిప్పుల మధ్య బస్టాండులో నిలబడి ఆ కాగితం వెనకే జవాబు రాసింది: "ఎవరూ అనలేదండి. అందుకని."

ఈ జవాబు మీద మండలి ఐదుసార్లు సమావేశమైంది. చివరికి డెబ్బై అయిదో విధి పుట్టింది. గట్టిమేళ ప్రకటనాధికారి. పోస్టుగ్రాడ్యుయేషన్ ఉండాలి, రాతపరీక్ష రాయాలి, మూడు నెలల శిక్షణ పొందాలి. విద్యాధర్ అనే కుర్రవాడు జిల్లాకు మొదటి అధికారిగా ఎంపికయ్యాడు. మొదటి పనిగా పెండింగులో ఉన్న మా పెళ్లికి మా ఇంటికే వచ్చి, పాత తేదీ నుంచి చెల్లేట్టు, పద్ధతిగా గట్టిమేళం ప్రకటించాలని ఉత్తర్వు.

అతన్ని వెంటబెట్టుకుని డైరెక్టరు గారు వచ్చేసరికి పెళ్లయి తొమ్మిది నెలలైంది. మా ఇంట్లో ఆ రోజు తాయారు సీమంతం.

డైరెక్టరు గారు గుమ్మంలో ఆగిపోయారు. లోపల ముత్తయిదువలు గాజులు తొడుగుతున్నారు. ఆయన తాయారును చూశారు, ఫైలు చూశారు, మళ్లీ తాయారును చూశారు.

"నూకరాజూ, వివాహము పెండింగులో నుండగా ఈ పరిణామము ఏ విధి కిందికి వచ్చును?"

"రిజిస్టరులో లేదండి" అన్నాను. నిజం అదే.

అయినా పని ఆగకూడదు. మా ఇద్దరినీ ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టి మధ్యన దుప్పటి పట్టించారు. అమ్మ జీలకర్ర బెల్లం నూరి తెచ్చింది. తాయారు తన ముద్దలో సగం అప్పుడే తినేసింది. విద్యాధర్ గొంతు సవరించుకుని, కాగితం తెరిచి, వేలును బల్ల మీద సంతకం పెట్టేవాడిలా వంచి, "గట్టిమేళము వాయించవలసినదిగా ఇందుమూలముగా కోరడమైనది" అని చదివాడు.

ఎవరూ కదల్లేదు. ఆ మాటకు కదలాలని ఎవరికీ అనిపించలేదు. మా నాన్న సన్నాయి ఒళ్లో పెట్టుకుని తాయారు వైపు చూస్తున్నాడు. విద్యాధర్ మళ్లీ చదివాడు. మూడోసారి చదవబోతుంటే అతని నుదుటి మీద చెమట పట్టింది.

"తమ్ముడూ, కాగితం అవతల పెట్టు" అంది తాయారు దుప్పటి వెనక నుంచి. "వేలు నిటారుగా ఎత్తు. బండి నీ కోసమే ఆగిందనుకో. ఆ డ్రైవరు నిన్నే చూత్తన్నాడనుకో. అను ఇప్పుడు."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేలెత్తాడు. "గట్టిమేళం" అన్నాడు, ఈసారి మనిషిలా. సన్నాయి లేచింది. నేను రెండోసారి బెల్లం పెట్టాను. నా మాడు మీద మిగతా సగం పడింది. డైరెక్టరు గారు ఫైలులో "అమలైనది" అని రాసి, ఎప్పుడూ లేనిది, ముందు వెనకల ఏ ఉపోద్ఘాతం లేకుండా "ఆకలిగా ఉందోయ్" అన్నారు.

భోజనాలకు కూర్చోబెట్టాం. సీమంతానికి మండలి నియమాలు ఇంకా రాలేదు కాబట్టి ఎవరి మెడలోనూ కార్డులు లేవు. ఎవరికి ఏది దొరికితే అది వడ్డించారు. డైరెక్టరు గారు చివర్లో కాస్త అన్నం మిగుల్చుకుని, పాత భయంతో అటూ ఇటూ చూశారు. వంటింట్లో నుంచి అమ్మ పెరుగు గిన్నెతో వచ్చింది. అరుగు మీది నుంచి నాన్న ఇంకో గిన్నెతో వచ్చాడు. పెరట్లో నుంచి మామయ్య మూడోది తెచ్చాడు. ముగ్గురూ ఒకేసారి వేశారు. విస్తరి అంచులు దాటి పెరుగు నేల మీదికి పారింది.

"దీనికి బాధ్యులెవరు?" అన్నారాయన అలవాటు కొద్దీ.

"ముందు తినండి సార్" అంది తాయారు. ఆయన తిన్నారు. మళ్లీ వేయమన్నారు.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి నా బల్ల మీద కొత్త కాగితం ఉంది. ఒకే విస్తట్లో ముగ్గురు పెరుగు వడ్డించిన ఘటనపై విచారణ జరిపి పదిహేను రోజుల్లో నివేదిక ఇవ్వాలి. పైన ఉన్న సంఖ్య దగ్గర నుంచి కింద ఉన్న సంతకం దాకా చదివాను. రెండోసారి కూడా చదివాను. సాయంత్రం ఇంటికి వస్తూ దాన్ని మడిచి పకోడీల కొట్టులో ఇచ్చాను. కొట్టాయన దాని వంక చూడను కూడా చూడకుండా పొట్లం కట్టేశాడు. వేడిగా ఉన్నాయి. తాయారుకు ఉల్లిపాయ పకోడీలంటే ఇష్టం.